కొట్టు ఒకటే, లెక్కలు రెండు: ప్రోగ్రాముల మధ్య పేచీ ఎందుకు వస్తుంది? ఎలా తీర్చాలి?

ప్రశ్న: మాకు జగదల్‌పూర్‌లో చింతపండు వ్యాపారం ఉంది. పక్కనే సబ్బులు, నూనెలు అమ్మే దుకాణం కూడా ఉంది. నాన్న సరుకు సంగతులు ఒక ప్రోగ్రాములో, డబ్బు సంగతులు ఇంకో ప్రోగ్రాములో రాస్తారు. రెండింటినీ కలిపినప్పుడల్లా ఏదో ఒక గొడవ. ఒకరోజు ఒకటి రెండోదాన్ని అందుకోదు. ఇంకోరోజు మొత్తాలు తేడా వస్తాయి. కంప్యూటర్ తప్పు చేయదంటారు కదా! మరి ఒకే కొట్టు గురించి రెండు ప్రోగ్రాములు రెండు మాటలు ఎందుకు చెబుతాయి?
– తొమ్మిదో తరగతి అమ్మాయి, జగదల్‌పూర్

జవాబు: అమ్మా, నీ ప్రశ్న చిన్నది కాదు. ఏళ్ల తరబడి పద్దులు రాసిన అకౌంటెంట్లు కూడా మార్చి నెలాఖరులో దీని దగ్గరే తల పట్టుకుంటారు. కంప్యూటర్ తప్పు చేయదన్న మాట చాలావరకు నిజమే. రెండు ప్రోగ్రాములూ తమకు చెప్పినట్టే చేస్తాయి. కానీ ఆ రెండింటికీ మనం చెప్పిన మాట ఒక్కటేనా? అక్కడి నుంచి మొదలుపెడదాం.

అసలు రెండు ప్రోగ్రాములు ఎందుకు అవసరమయ్యాయో ముందు చూడాలి. వేసవి మొదలయ్యేసరికి బస్తర్ సంతల నుంచి చింతపండు జగదల్‌పూర్ మండీకి చేరుతుంది. గింజతో ఉన్నదాన్ని మీ దగ్గర ఆటీ అంటారు, గింజ తీసినదాన్ని ఫూల్ అంటారు. సరుకు కాటా ఎక్కిన క్షణం నుంచి రెండు రకాల ప్రశ్నలు పుడతాయి. ఎన్ని బస్తాలు? ఏ గోదాములో ఉన్నాయి? ఎంత ఆటీ గింజ తీయించి ఫూల్ చేయించాం? ఇవి సరుకు ప్రశ్నలు. అమ్మినవాళ్లకు ఇంకా ఎంత ఇవ్వాలి? విశాఖపట్నం వ్యాపారి నుంచి ఎంత రావాలి? బ్యాంకులో ఎంత మిగిలింది? ఇవి డబ్బు ప్రశ్నలు.

కాగితం రోజుల్లో కూడా వీటికి వేరు వేరు పుస్తకాలే ఉండేవి. రోజు పద్దు చిట్టాలోకి ఎక్కేది. చిట్టాలోంచి పేరు పేరునా ఆవర్జాకు ఎత్తేవారు. గోదాము సరుకుకు స్టాకు పుస్తకం వేరు. అయితే మూడింటినీ రాసే గుమాస్తా చాలా కొట్లలో ఒక్కడే. "మొన్న కాటా వేసిన పన్నెండు బస్తాలూ, నిన్న డబ్బు ఇచ్చిన పన్నెండు బస్తాలూ ఒకటే" అన్న సంగతి ఆయన తలలో ఉండేది. పుస్తకాల మధ్య లంకె ఆ మనిషే. పుస్తకాలు కంప్యూటర్‌లోకి వెళ్లాయి గానీ, గుమాస్తా తలలో ఉన్న లంకె వాటితో పాటు వెళ్లలేదు. దాన్ని మనమే విడిగా రాసి ఇవ్వాలి. ఇవ్వని చోటల్లా పేచీ పుడుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. రెండు ప్రోగ్రాముల స్వభావాలే వేరు. లెక్కల ప్రోగ్రాము జంటపద్దు విధానం మీద నడుస్తుంది. ప్రతి పద్దుకూ రెండు వైపులు ఉంటాయి, ఆ రెండూ సమానం కావాలి. ఈ పద్ధతిని 1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పాచియోలి వివరించాడు. మన దేశంలో కొట్టుకొట్టుకూ చేరిన ట్యాలీ కూడా ఆ సూత్రం మీదే నిలబడింది. తన వ్యాపారానికి సరిపోయే లెక్కల ప్రోగ్రాము దొరక్క శ్యామ్‌సుందర్ గోయెంకా తన కొడుకు భరత్ గోయెంకాను తయారుచేయమన్నారు. అలా 1986లో బెంగళూరులో ఆ సంస్థ మొదలైంది. ఇలాంటి ప్రోగ్రాము రెండు వైపులా సమానం కాని పద్దును లోపలికి రానివ్వదు. సరుకు ప్రోగ్రాముకు ఆ పట్టింపు లేదు. దానికి కావలసింది బస్తా వచ్చిందా, పోయిందా అన్నదే. ఒకటి రూపాయి చుట్టూ తిరుగుతుంది, రెండోది కిలో చుట్టూ తిరుగుతుంది. ఇప్పుడు వీటి మధ్య వచ్చే పేచీలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, యంత్రంలో వచ్చే పేచీ. "ఒకటి రెండోదాన్ని అందుకోదు" అన్నావే, అది ఎక్కువగా ఈ రకమే. ఒకే కంప్యూటర్‌లో చాలా ప్రోగ్రాములు నడుస్తున్నప్పుడు, బయటి నుంచి వచ్చిన సమాచారం ఏ ప్రోగ్రాముకు చేరాలో తెలియడానికి పోర్టు అనే నంబరు ఉంటుంది. వీధిలో ఇంటి నంబరు లాంటిదే ఇది. మీ లెక్కల ప్రోగ్రాము ట్యాలీ ప్రైమ్ అనుకుందాం. దానికి మామూలుగా ఉండే పోర్టు నంబరు 9000. సరుకు ప్రోగ్రాము బిల్లును ఆ నంబరుకు పంపుతుంది. కంప్యూటర్ వేయగానే వేరే ప్రోగ్రాము ఏదైనా ముందే లేచి 9000ను తీసుకుంటే, ట్యాలీకి ఆ నంబరు దొరకదు. పంపిన బిల్లు సంబంధం లేని చోటికి చేరి తిరుగుముఖం పడుతుంది. ట్యాలీ సెట్టింగుల్లో కనెక్టివిటీ అన్న చోట నంబరును 9001గానో, ఖాళీగా ఉన్న ఇంకో అంకెగానో మార్చవచ్చు. మార్చిన సంగతి సరుకు ప్రోగ్రాముకు కూడా చెప్పాలి. చాలామంది ఒకవైపు మార్చి రెండోవైపు మరిచిపోతారు. పేచీ అలాగే ఉండిపోతుంది.

యంత్రంలోనే వచ్చే ఇంకో చిక్కు, పాత ప్రోగ్రాముకూ కొత్త ప్రోగ్రాముకూ పొసగకపోవడం. పాత ప్రోగ్రాములు చాలావరకు 32 బిట్లవి, కొత్తవి 64 బిట్లవి. ఒకదాని లెక్కలను ఇంకొకటి చదవడానికి మధ్యలో ఓడీబీసీ డ్రైవర్ అనే చిన్న సాధనం పనిచేస్తుంది. 32 బిట్ల ప్రోగ్రాము 64 బిట్ల డ్రైవర్‌ను వాడుకోలేదు. 64 బిట్ల విండోస్‌లో ఈ రెండు రకాలకూ వేరు వేరు సెట్టింగు తెరలు ఉంటాయి. ఒక తెరలో అన్నీ సరిచేసినా ప్రోగ్రాము చూసేది రెండో తెరనైతే ఫలితం ఉండదు. నిన్నటిదాకా పనిచేసి ఈరోజు ఆగిపోయిందంటే, నిన్నటికీ ఈరోజుకీ మధ్య కంప్యూటర్‌లో ఏం మారిందో ముందు అడగాలి. కొత్త ప్రోగ్రాము ఎక్కించారా? విండోస్ అప్‌డేట్ అయిందా? యాంటీవైరస్ దేన్నయినా ఆపేసిందా? జవాబు చాలాసార్లు ఆ మూడింట్లోనే దొరుకుతుంది.

యంత్రంలో దారి బాగుపడింది, బిల్లు అవతలికి చేరింది అనుకుందాం. అప్పుడు వచ్చేది రెండో పేచీ, పేర్లది. మనిషి కళ్లకు "లక్ష్మీ ట్రేడర్స్", "శ్రీ లక్ష్మీ ట్రేడర్స్" ఒకే కొట్టు. ప్రోగ్రాముకు అవి రెండు. సరుకు ప్రోగ్రాము మొదటి పేరుతో బిల్లు పంపి, ట్యాలీలో రెండో పేరుతో ఖాతా ఉంటే, "లెడ్జర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని బిల్లును తిప్పి పంపేస్తుంది. ఆ పేరుతో ఖాతాయే లేదని దాని అర్థం. కొన్ని ప్రోగ్రాములు ఇంకా చిక్కు తెస్తాయి. ఖాతా లేకపోతే అవే కొత్తది తెరిచేస్తాయి. అప్పుడు ఒకే వ్యాపారి బాకీ రెండు ఖాతాల్లో సగం సగం పడుతుంది. ఒకచోట ఆయన మనకు బాకీ ఉన్నట్టు, ఇంకోచోట మనమే ఆయనకు బాకీ ఉన్నట్టు కనిపిస్తుంది.

సరుకు పేర్లకూ ఇదే గతి. ఒకచోట "ఆటీ ఇమ్లీ" అనీ, ఇంకోచోట "చింతపండు గింజతో" అనీ రాస్తే ప్రోగ్రాముకు అవి రెండు సరుకులు. దీనికి మందు, ప్రతి సరుకుకూ ప్రతి ఖాతాకూ ఒక కోడు ఇచ్చి, రెండు ప్రోగ్రాముల్లోనూ అదే కోడు వాడడం. పార్టీలకైతే కోడు కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. నమోదైన వ్యాపారికి 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉంటుంది. పేరు ఎలా రాసినా ఆ నంబరు మారదు.

పేర్లలో లిపి చిక్కు కూడా ఉంది. మీ వైపు హిందీ టైపు చేసేవాళ్లు చాలామంది కృతిదేవ్ ఫాంటు వాడతారు. అందులో తెర మీద కనిపించేది హిందీ అక్షరం, లోపల దాగేది ఇంగ్లిష్ అక్షరం. మన తెలుగు అను ఫాంట్లూ ఇలాంటివే. ఆ పేరు వేరే ప్రోగ్రాములోకి వెళ్లగానే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా బయటపడుతుంది. యూనికోడ్‌లో ప్రతి భాష అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది. అందుకే పేర్లు ఏ భాషలో రాసినా యూనికోడ్‌లోనే రాయాలి.

పేర్లు కుదిరాక మూడో పేచీ అంకెల్లో వస్తుంది. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. కోరాపుట్ వ్యాపారికి మీ దుకాణం మూడు రకాల సబ్బులు ఒక్కొక్కటి పంపిందనుకో. ఒక్కోదాని ధర 33 రూపాయల 30 పైసలు, పన్ను 5 శాతం. ఒక సబ్బు మీద పన్ను 1.665 రూపాయలు. సరుకు ప్రోగ్రాము ప్రతి వరుసనూ పైసలకు సరిచేసి 1.67 వేస్తుంది. మూడు వరుసలకు 5.01 రూపాయలు. లెక్కల ప్రోగ్రాము ముందు ధరలన్నీ కలుపుతుంది. 99.90 మీద పన్ను 4.995, సరిచేస్తే 5.00 రూపాయలు. ఎవరూ తప్పు చేయలేదు, అయినా ఒక పైసా తేడా. రెండు వైపులా సమానం కావాలన్న నియమం గుర్తుంది కదా. ఆ ఒక్క పైసా కోసం ట్యాలీ "వోచర్ టోటల్స్ డూ నాట్ మ్యాచ్" అని బిల్లు మొత్తాన్నీ ఆపేస్తుంది. పన్ను వరుసవారీగా సరిచేయాలా, మొత్తం మీదనా అన్నది రెండింటిలోనూ ఒకేలా పెట్టాలి. మిగిలే పైసలు పడడానికి రౌండాఫ్ అనే ఖాతా ఒకటి తెరిచి ఉంచాలి.

కిలోల్లో వచ్చే తేడాను మాత్రం ప్రోగ్రాము మీదికి నెట్టకూడదు. బస్తాల్లో ఉన్న చింతపండు తేమ ఆరి బరువు తగ్గుతుంది. కొన్నప్పుడు వెయ్యి కిలోలు ఉన్న సరుకు అమ్మేనాటికి అంత తూగదు. గోదాములో కాటా వేసి చూసే సరుకు ప్రోగ్రాముకు ఈ తరుగు తెలుస్తుంది. బిల్లులను మాత్రమే చూసే లెక్కల ప్రోగ్రాముకు తెలియదు. ఆటీని ఫూల్‌గా మార్చినప్పుడూ అంతే. ఒక సరుకు తగ్గి ఇంకొకటి పెరుగుతుంది, కానీ బిల్లు ఉండదు. తరుగుకూ మార్పుకూ స్టాకు పద్దు రాయకపోతే, ఎంత మంచి ప్రోగ్రాములైనా రెండు మాటలే చెబుతాయి. అసలు ట్యాలీలోనే డబ్బు లెక్కనూ సరుకు లెక్కనూ కలపాలా వద్దా అని అడిగే ఒక సెట్టింగు ఉంది. వద్దని పెడితే ఆఖరు సరుకు విలువను మనమే చేత్తో రాయాలి. అంటే ఒకే ప్రోగ్రాములో కూడా ఈ పేచీ రావచ్చు!

నాలుగోది, నియమాల పేచీ. పన్ను రేట్లు ప్రభుత్వం మారుస్తుంది. ఆ మార్పు రెండు ప్రోగ్రాములకూ ఒకేరోజు అందకపోవచ్చు. ఎండు చింతపండు మీద జీఎస్‌టీ 5 శాతం ఉండేది. 2019 సెప్టెంబరులో గోవాలో జరిగిన జీఎస్‌టీ మండలి సమావేశం దాన్ని తీసేసింది, అక్టోబరు 1 నుంచి అమలైంది. రేటు మార్చని ప్రోగ్రాము ఆ తరవాతా 5 శాతం వేస్తూనే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న ఇంకా పెద్ద మార్పు వచ్చింది. 12, 28 శాతం రేట్లు చాలావరకు పోయాయి. ఒంటి సబ్బు మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సెప్టెంబరు 20న వెయ్యి రూపాయల సబ్బులు అమ్మారనుకో. పన్ను 180 రూపాయలు. అక్టోబరులో ఆ సరుకు వాపసు వచ్చింది. అమ్మినరోజు రేటు 18 కాబట్టి వాపసు పద్దులో కూడా 180 తగ్గాలి. ఈరోజు రేటు చూసే ప్రోగ్రాము 50 మాత్రమే తగ్గిస్తుంది. 130 రూపాయల తేడా వస్తుంది. అందుకే రేటును సరుకు పేరు పక్కన ఒక్క అంకెగా రాస్తే చాలదు. ఏ తేదీ నుంచి ఏ రేటో కూడా రాసి ఉండాలి.

రాష్ట్రాల కోడ్లదీ ఇదే కథ. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. ఛత్తీస్‌గఢ్‌కు 22, ఒడిశాకు 21, తెలంగాణకు 36. విభజనకు ముందున్న ఆంధ్రప్రదేశ్ కోడు 28, ఇప్పటిది 37. పాత జాబితాతో ఉన్న ప్రోగ్రాము విశాఖ వ్యాపారి పేరు పక్కన 28 వేస్తే, కొత్త ప్రోగ్రాము ఆ నంబరుకూ రాష్ట్రానికీ పొత్తు కుదరలేదని ఆపేస్తుంది.

ఐదోది అన్నిటికన్నా లోతైనది, హక్కుల పేచీ. ఒక బిల్లును సరుకు ప్రోగ్రాములో రాశారు, అది లెక్కల్లోకి వెళ్లింది. వారం తరవాత అకౌంటెంట్ లెక్కల ప్రోగ్రాములో ధర సవరించారు. ఆ సవరణ వెనక్కి వెళ్లలేదు. ఇప్పుడు ఏది నిజం? జవాబు ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. ఇంకో సంగతి. బిల్లులు పంపుతుండగా కరెంటు పోయిందనుకో. ఎన్ని వెళ్లాయో తెలియక అన్నీ మళ్లీ పంపుతారు. కొన్ని రెండేసిసార్లు పడతాయి. దీన్ని ఆపేది బిల్లు నంబరు. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం ఆ నంబరు 16 అక్షరాలకు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వాడినది మళ్లీ రాకూడదు. ఒకసారి చూసిన నంబరును రెండోసారి ఒప్పుకోవద్దని ప్రోగ్రాముకు చెప్పి ఉంచితే, బిల్లులు ఎన్నిసార్లు పంపినా నష్టం లేదు.

"ఇంత బాధ ఎందుకు? ఒకే ప్రోగ్రాము పెట్టుకుంటే పోదా?" అని నువ్వు అడగవచ్చు. మంచి ఆలోచనే. 1972లో జర్మనీలో మొదలైన శాప్ సంస్థ ఈ దారినే నడిచింది. సరుకు, డబ్బు, జీతాలు అన్నీ ఒకే చోట దాచి, ఒక సంగతిని ఒక్కసారే రాయించాలన్నది ఆ ఆలోచన. పెద్ద కర్మాగారాలకు అది తప్పనిసరి. మీలాంటి కొట్టుకు ట్యాలీలోని సరుకు విభాగమే సరిపోవచ్చు. అలాగైతే రెండో ప్రోగ్రాము మానేయడమే తేలిక. కానీ బస్తాల లాట్లు, గోదాములు, గింజ తీయించే పని విడివిడిగా చూడాల్సి వస్తే రెండూ ఉండక తప్పదు.

ఇప్పుడు ఎలా తీర్చాలో చూద్దాం. మొట్టమొదట రెండు ప్రోగ్రాముల డేటానూ బ్యాకప్ తీసి, ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరే డిస్కులో పెట్టాలి. అది అయ్యేదాకా ఏదీ ముట్టుకోకూడదు. సరిచేయబోయి ఉన్నదీ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

తరవాత, తేడా ఏ రోజు మొదలైందో పట్టుకోవాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 183 రోజులు. ఒక్కో రోజూ చూడనక్కరలేదు. జూన్ 30 నాటి మొత్తాలు పోల్చు. సరిపోతే తప్పు తరవాతి సగంలో ఉంది, లేకపోతే ముందు సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్యి. ఇలా సగం చేసుకుంటూ పోతే, ఎక్కువలో ఎక్కువ ఎనిమిది సార్లు చూసేసరికి తేడా మొదలైన రోజు దొరుకుతుంది. ఒకే రోజు బిల్లులను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎవరికైనా చేతనవుతుంది.

తేడా వచ్చిన అంకె కూడా మాట్లాడుతుంది. అది 9తో నిశ్శేషంగా భాగం పోతే, చేత్తో ఎక్కించేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడు. 5,400కు బదులు 4,500 కొడితే తేడా 900, అది తొమ్మిది వందలు. తేడాలో సగం ఉన్న పద్దు ఎక్కడైనా కనిపిస్తే, అది జమకు బదులు ఖర్చు వైపు పడిందేమో చూడు. 750 రూపాయలు తప్పు వైపు పడితే తేడా 1,500 అవుతుంది. కంప్యూటర్లు రాకముందు నుంచీ పద్దులు రాసేవాళ్లు వాడుతున్న చిట్కాలివి, ఇవాళ్టికీ పనికొస్తాయి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే ఎడిట్ లాగ్ ఉంటే వెతుకులాట ఇంకా తగ్గుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు అలాంటి చిట్టా ఉన్న ప్రోగ్రామే వాడాలని చట్టం చెబుతోంది. మీది కంపెనీ కాకపోయినా దాన్ని వాడుకోవడం మంచిది.

తప్పు దొరికాక దాన్ని పుట్టిన చోటే దిద్దాలి. సరుకు ప్రోగ్రాములో పుట్టిన బిల్లును అక్కడే సవరించి మళ్లీ పంపాలి. తొందరలో లెక్కల్లో ఒక సర్దుబాటు పద్దు రాసేస్తే ఆరోజుకు మొత్తాలు కలుస్తాయి, వచ్చే నెల అదే తప్పు మళ్లీ వస్తుంది.

చివరిగా ఒక పని మీ ఇంట్లోనే చేయవచ్చు. నాన్నగారితో, అకౌంటెంట్‌గారితో కూర్చుని ఒక కాగితం మీద రెండు వరుసలు గీయి. సరుకు పేర్లు, బరువులు, తరుగు, అమ్మకం బిల్లులు ఏ ప్రోగ్రామువి? ఖాతాల పేర్లు, పన్ను రేట్లు, చెల్లింపులు, బ్యాంకు పద్దులు ఏ ప్రోగ్రామువి? ప్రతి సంగతీ ఒకే వరుసలో రావాలి, రెండింటిలోనూ రాకూడదు. ఏది ఎవరి హక్కో అక్కడే రాయాలి, అక్కడే మార్చాలి, రెండోది దాన్ని అందుకోవాలి అంతే. ఆ కాగితాన్ని కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. కొత్త అప్‌డేట్ వేసే ముందు బ్యాకప్, రోజు ముగిసే ముందు రెండు మొత్తాల పోలిక అన్న రెండు వరుసలు దాని కింద చేర్చండి. ప్రోగ్రాములు ఎంత ఖరీదైనవైనా ఈ ఒప్పందాన్ని అవి రాసుకోలేవు. దాన్ని రాయాల్సింది కొట్టు నడిపే మనుషులే.